ఉస్తాద్ ఇంటి ముందు ఆగిన కరెంటు కారు

2024 వానాకాలం. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ వైపు పోయే ఒక సందులో నా కార్ల షెడ్డు. ఇంజన్, బ్రేకులు, సస్పెన్షన్, అన్ని పనులూ చేస్తాను. ఎలక్ట్రిక్ కార్లు రావడం మొదలయ్యాక వాటి బ్రేకులూ చక్రాల పనీ పట్టేవాణ్ణి గానీ బ్యాటరీ జోలికి పోయేవాణ్ణి కాదు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఒకటే చెప్పేవాణ్ణి: చప్పుడు లేనిది బండి కాదు, పెద్ద సైజు సెల్‌ఫోన్.

నిజానికి ఆ మాట మా ఉస్తాద్ నర్సింహులుది. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి మట్టి పనికి వచ్చి మెకానిక్ అయిన మనిషి. నాకు స్పానర్ పట్టడం నేర్పింది ఆయనే. అప్పటికి ఆయన ఊపిరితిత్తులు గట్టిపడి, అశోక్‌నగర్‌లో కూతురు పద్మ ఇంట్లో మంచం మీద ఉన్నాడు. పక్కన ఆక్సిజన్ కాన్సంట్రేటర్. గదిలో గాలిని లోపలికి లాగి, అందులోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ముక్కు గొట్టంలోకి పంపే యంత్రం అది. కరెంటు ఉన్నంతసేపే పని చేస్తుంది.

ఆ రోజు మధ్యాహ్నం కుండపోత వాన. షెడ్డులో సునీత మేడం ఎలక్ట్రిక్ కారు ఉంది. ఆమె విద్యానగర్‌లో ఉంటుంది, కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. గతుకుల్లో ముందు చక్రం దగ్గర టక్కుటక్కుమంటోందని తెచ్చింది. చక్రాన్ని బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లో రబ్బరు బుష్ అరిగింది. కొత్తది వేసి నట్లు బిగించి లేస్తుంటే పద్మ ఫోన్.

"శీనన్నా, కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ పేలిందంటున్రు. ఇన్వర్టర్ గూడ అయిపోవస్తున్నది. ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండర్ గూడ, ముల్లు ఎర్రగీత మీదికొచ్చింది. అంబులెన్సోళ్ళేమో రోడ్ల మీద నీళ్ళున్నయ్, లేటయితదంటున్రు. నాయన పెదాలు నీలమైతున్నయే!"

షెడ్డు వెనక జనరేటర్ ఉంది కదా అని ఉరికాను. వాన నీళ్ళు చేరి తడిసిపోయింది. తాడు ఎంత లాగినా పలకలేదు. షెడ్డులోనే కూర్చున్న సునీత మేడం దగ్గరికొచ్చి ఏమైందని అడిగితే సంగతి చెప్పాను.

"ఆ మిషన్ ఎంత కరెంట్ తీసుకుంటది?"

"మిక్సీ అంత, మేడం."

"అయితే కారుంది కద. ఎక్కండి, పోదాం."

అప్పుడు చెప్పింది. ఆమె కారులో వెహికల్-టు-లోడ్ అనే ఏర్పాటుంది. చార్జింగ్ పెట్టే చోటే ఒక అడాప్టర్ తగిలిస్తే, బ్యాటరీలోని కరెంటు మన ఇంటి ప్లగ్గులోకి వచ్చినట్టే బయటికి వస్తుంది. ఒకసారి పిల్లల పిక్నిక్‌లో స్పీకర్లు నడిపిందట. ఆ సంగతి నేనూ విన్నాను గానీ షోరూం వాళ్ళ గొప్పలనుకున్నాను. పొడవాటి వైరు చుట్ట భుజాన వేసుకుని ఎక్కాను.

అశోక్‌నగర్ మలుపులో చక్రం సగం మునిగేంత నీళ్ళు. మధ్యలో ఒక పెట్రోల్ కారు ఆగిపోయి ఉంది. ఇంజన్ మంటకు గాలి కావాలి. ఆ గాలి పీల్చే గొట్టంలోకి నీళ్ళు పోతే లోపల రాడ్లు వంగిపోతాయి. ప్రతి వానాకాలం అట్లాంటి ఇంజన్లు విప్పుతూనే ఉంటాను.

"మేడం, ఆపుండ్రి. కరెంటు బండి... నీళ్ళల్ల..."

"బ్యాటరీకి సీలుంటది శ్రీనుగారూ. కంపెనీ చెప్పిన లోతు దాటలేదు, మెల్లగ పోతం. దీనికి గాలి పీల్చే పనే లేదు కద."

ఇన్నేళ్ళ మెకానిక్‌ని, షాక్ కొడుతుందేమోనని రెండు కాళ్ళూ పైకెత్తి కూర్చున్నాను. కారు చప్పుడు లేకుండా, తొణకకుండా అవతల తేలింది.

పద్మ ఇంటి పోర్టికోలోకి కారు పెట్టాం. కిటికీ ఊచల్లోంచి వైరు లోపలికిచ్చాను. మేడం అడాప్టర్ తగిలించి స్క్రీన్ మీద ఏదో నొక్కింది. లోపల కాన్సంట్రేటర్ బీప్‌మని ఒక్క కూత కూసి, ధప్‌ధప్‌మని తన పని మొదలుపెట్టింది. పద్మ తండ్రి వేలికి తొడిగిన ఆక్సీమీటర్‌నే చూస్తోంది. అంకె పెరుగుతుంటే ఆమె మొహంలోకి రంగు వచ్చింది.

కాసేపటికి ఉస్తాద్ కళ్ళు తెరిచాడు.

"కరెంటొచ్చిందారా?"

"లేదు ఉస్తాద్. బయట కారుంది. దాని నుంచి ఇస్తున్నం."

"స్టార్ట్ చేసిన్రా మరి?"

"ఎప్పుడో చేసినం."

చెవి రిక్కించాడు. చాలాసేపు విన్నాడు. కాన్సంట్రేటర్ ధప్‌ధప్, పోర్టికో మీద వాన చినుకులు తప్ప ఇంకే చప్పుడూ లేదు.

చీకటి పడే వేళకు వీధిలో కరెంటు వచ్చింది. అంతసేపు నడిపినా కారు బ్యాటరీ తగ్గింది నాలుగైదు శాతమే. నమ్మలేక మేడంను మళ్ళీ చూపించమన్నాను. ఇట్లాగే రెండు రోజులైనా ఇయ్యొచ్చని ఆమె మామూలుగా చెప్పింది.

ఉస్తాద్ కారు చూస్తానని మొండికేశాడు. ముక్కు గొట్టం పొడుగ్గానే ఉంటుంది. నేనొక రెక్క, పద్మ ఒక రెక్క పట్టుకుంటే గడప దాటి వచ్చాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. వేడి లేదు, అదురు లేదు.

"ఏం తెలుస్తలేదురా," అన్నాడు మెల్లగా. "తెర్వు జర."

తెరిచాను. నారింజ రంగు తీగల దగ్గరికి ఆయన వేలు పోబోతే పట్టుకుని ఆపాను. ఆ రంగు ఉందంటే అందులో హై వోల్టేజ్ ఉందని గుర్తు.

"మరి ఇది ఖరాబైతే నీకెట్ల తెలుస్తది?"

"నాకు తెల్వదు, ఉస్తాద్."

"తెల్వకుంటె నేర్చుకో. నా లెక్క నవ్వుకుంట కూసోకు."

ఆ చలికాలంలోనే ఎలక్ట్రిక్ బండ్ల శిక్షణలో చేరాను. ఇప్పటికీ నాకు వాటితో పేచీలున్నాయి. బ్యాటరీ బయటివాడు విప్పకుండా బిగిస్తారు, చిన్న పనికీ లోపం చదివే కంపెనీ స్కానర్ కావాలంటారు. కానీ చేత్తో ముట్టి చూడని బండి మీద తీర్పు చెప్పడం మానేశాను. ఆ మధ్యాహ్నం నాకు నేర్పింది అదే.

ఆదివారాలు ఉస్తాద్ దగ్గరికి వెళ్ళి ఆ వారం నేర్చుకున్నది చెప్తుంటాను. మొన్న రీజెనరేటివ్ బ్రేకింగ్ గురించి చెప్పాను. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే మోటారే బండిని నెమ్మది చేస్తూ, ఆ వేగాన్ని మళ్ళీ కరెంటుగా బ్యాటరీలోకి పంపుతుందన్నాను. గొట్టంలో గాలి సన్నగా పోతోంది. ఉస్తాద్ తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

"బతుకంత బ్రేకులు అరిగినయని మారుస్తనే ఉన్న గదరా," అన్నాడు చివరికి. "ఆపినప్పుడల్ల గంత జోరు ఉట్టిగనె పోతున్నదని ఒక్కనాడు గూడ తట్టలే."

ఆయన కళ్ళు చిన్నపిల్లాడివిలా మెరుస్తున్నాయి. "ఇంకోపారి చెప్పు. మెల్లగ చెప్పు," అన్నాడు.