అబద్ధపు గుక్క

తాగే రోజుల్లో ఎడ్విన్ ఫూబిస్టర్ తాగలేదని బొంకేవాడు. తాగుడు మానేశాక, మానలేదని బొంకాడు. మనిషి మారాడు గానీ నోరు మారలేదు, ఏం చేస్తాం!

స్ట్రామ్‌నెస్ రేవులో పీతలు పట్టే చిన్న పడవ అతనిది. ఆర్క్నీ దీవుల్లో పుట్టి పెరిగినవాడికి తన గురించి తాను నలుగురిలో చెప్పుకోవడమంత సిగ్గుమాలిన పని ఇంకోటి లేదు. ‘నేను మందు మానేశాను’ అని ఎవడైనా నోరు జారితే, ‘వచ్చాడండీ మాకు నీతులు చెప్పడానికి’ అన్నట్టు చూస్తారు. అదొకటి. చెప్పాక మళ్లీ జారిపడితే దీవి మొత్తం చూస్తుందన్న భయం ఇంకొకటి. అందుకని ఎవరు గ్లాసు అందించినా ఎడ్విన్ ఒకటే పాట పాడేవాడు: “మాత్రలు వాడుతున్నాను, పడదు.” ఒకసారి పంటినొప్పికి, ఒకసారి నడుముకి, ఇంకోసారి చెవిపోటుకి. రెండేళ్లు తిరిగేసరికి అతని ఒంట్లో జబ్బు చేయని భాగం మిగల్లేదు.

మానడానికి కారణం కూతురు ఇంగా. నర్సు చదువు మధ్యలో సెలవులకి వచ్చిన పిల్లని తీసుకురావడానికి రేవుకి వ్యాను వేసుకుని వెళ్లాడు. ఓడ దిగిన ఇంగా, తాగి ఉన్న తండ్రి మొహంలోకి ఒకసారి చూసి, సంచి భుజాన వేసుకుని నడక మొదలుపెట్టింది. జోరున వాన. ఎడ్విన్ అద్దం దించి, పిలుస్తూ, వెనకాలే మెల్లగా వ్యాను నడిపాడు. ఇంటిదాకా ఆ పిల్ల తల తిప్పలేదు. ఆ నడక చూశాక సీసా ముట్టలేదు.

మానేయడం ఒక ఎత్తు, మానేశాక సాయంత్రాల్ని గడపడం ఒక ఎత్తు. ఎండాకాలం అక్కడ పొద్దు ఓ పట్టాన కుంకదు. ఆ వెలుతురంతా ఏం చేసుకోవాలో ఎడ్విన్‌కి తోచేది కాదు. టీ మీద టీ తాగాడు, తీపి మీద యావ పుట్టి మిఠాయిలు తెగ తిన్నాడు. భార్య థోరా పని చేసుకుంటూ కూనిరాగం తీస్తుందని పెళ్లయిన ఇన్నాళ్లకి తెలిసింది. ఫుట్‌బాల్ అంటే తనకి అసలు ఇష్టమే లేదనీ తెలిసింది. ఇన్నేళ్లూ బారులో తాను విరగబడి నవ్విన కబుర్లు మొత్తం కలిపితే మూడో నాలుగో కథలని తెలిసినప్పుడు మాత్రం నిజంగా దిగులేసింది. స్నేహితులని నమ్ముకున్నవాళ్లతో మాట్లాడటానికి మాటే లేకపోతే ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది.

అలా ఉండగా ఇంగా పెళ్లి కుదిరింది. ఆర్క్నీలో పెళ్లి అంటే కాగ్ తిరగాలి. కాగ్ అంటే మన నీళ్లు కాచుకునే కాగు అనుకునేరు! చెక్క పలకలు బిగించి చేసిన, పట్టుకోవడానికి రెండు చెవులున్న తొట్టి అది. వేడి బీరులో రమ్ము, విస్కీ, చక్కెర, మిరియాలు వేసి కలిపి, పెళ్లికూతురితో మొదలుపెట్టి పొద్దు తిరిగే దిక్కుగా చేతులు మారుస్తారు. అందరూ ఒక గుక్క తాగాలి. వెనక్కి పంపకూడదు, కింద పెట్టకూడదు.

“కాగ్ వద్దులే నాన్నా,” అంది ఇంగా.

“కాగ్ లేని పెళ్లా? ఎందుకు లేదని అడిగితే ఏం చెబుతావు?”

“మా నాన్న తాగడని చెబుతా.”

“నీకు పుణ్యముంటుంది, ఆ మాట మాత్రం అనకు. పెదవికి ఆనించి, గుటక వేసినట్టు నటించి పక్కకి ఇచ్చేస్తాను. ఎవరికి తెలుస్తుంది?”

“పెదవికి తగిలాక ఆగడం నీకు ఎప్పుడైనా చాతనయిందా?”

ఎడ్విన్ టీలో ఇంకో చెంచా చక్కెర వేసుకున్నాడు.

“సరే, నీ ఇష్టం,” అంది ఇంగా. “ఒక్క గుక్క లోపలికి పోయినా నాకు తెలిసిపోతుంది. వెనకటి ఆ మొహం నా పెళ్లిలో చూడలేను నాన్నా. చూస్తే, ఇక మీ ఇంటికి రాను.”

ఊరి హాల్లో పెళ్లి భోజనాలయ్యాయి. పొగలు కక్కుతూ కాగ్ వచ్చింది. ఇంగా ఒక గుక్క, పెళ్లికొడుకు స్టూవర్ట్ ఒక గుక్క. మూడోవాడు ఎడ్విన్. హాల్లో అందరూ లేచి నిలబడ్డారు.

అతను రెండు చెవులూ పట్టుకుని పైకెత్తాడు. ఆవిరి మొహానికి కొట్టింది. నోట్లో నీళ్లూరాయి. చెక్క అంచు కింది పెదవికి తగిలింది, తడిగా, తియ్యగా. ఇంకాస్త వంచితే చాలు. ఎవరూ తప్పు పట్టరు సరికదా, భేష్ అంటారు. దించాలనుకున్నాడు. చేతులు దిగలేదు. తన చేతులే తన మాట వినకపోతే మనిషికి ఎంత భయమేస్తుందో! ఇంగా కళ్లు మూసుకుని నిలబడింది. తలమీద కిరీటంలా పెట్టుకున్న పూలు వణుకుతున్నాయి.

నటించడం తన వల్ల కాదని ఎడ్విన్‌కి అప్పుడు అర్థమైంది. తాగితే తాగాలి, లేదంటే నిజం చెప్పాలి, మూడో దారి లేదు. కాగ్ గుండెల దగ్గరికి దించాడు.

“నేను తాగను,” అన్నాడు. పక్కవాళ్లకే వినబడింది. మళ్లీ అన్నాడు, హాలు చివరిదాకా వినబడేలా. “మందు మానేశానండీ. మొదలుపెడితే ఆగలేను. అందుకని తాగను.”

అతని పక్కన పెళ్లికొడుకు నానమ్మ బెల్లా చేతులు చాపింది.

“అయితే ఇటియ్యి నాయనా. చల్లారిపోతోంది.”

హాలంతా నవ్వింది. కాగ్ ముందుకు సాగిపోయింది. ఎడ్విన్ కుర్చీలో కూలబడ్డాడు. ఇంగా వచ్చి అతని భుజం మీద తల పెట్టి చాలాసేపు తీయలేదు.

డాన్సులు మొదలయ్యాక ఎడ్విన్ బయటికి వచ్చి రాతిగోడ మీద కూర్చున్నాడు. ఇంకా వెలుతురుంది. థోరా తమ్ముడు ఎర్లెండ్ గ్లాసుతో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. బారులో ఎడ్విన్ పక్క స్టూలు పాతికేళ్లుగా అతనిదే.

“ఏం బావా, పెద్ద గుట్టే విప్పావు.”

“నీకు ముందే తెలుసా?”

“మందుల షాపులో పనిచేసేది మా ఆవిడ బావా. రెండేళ్లలో నువ్వు ఒక్క మాత్ర కొంటే ఒట్టు. ఊరందరికీ తెలుసు. నీ ముచ్చట మేమెందుకు కాదనాలని ఊరుకున్నాం.”

ఎడ్విన్‌కి తల కొట్టేసినట్టయింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగిందంటే ఇదే కాబోలు. కాసేపటికి తనకే నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది.

“తెలిసీ, కనబడ్డ ప్రతిసారీ నాకెందుకు పోశావురా?”

ఎర్లెండ్ గ్లాసులో మిగిలినదాన్ని చూశాడు.

“నువ్వు నిజంగా మానేశావని నేను ఒప్పుకుంటే, ఇక బారులో మిగిలింది నేనొక్కణ్ణే కదా బావా.”

లోపల పాట అయిపోయి చప్పట్లు వినబడ్డాయి. ఎర్లెండ్ గొంతు తగ్గించాడు. అందులో వెటకారం లేదు.

“మొదటిరోజు ఏం చేశావు?”

“ఏడ్చాను,” అన్నాడు ఎడ్విన్. “కూర్చో, చెబుతాను.”