ముర్రుపాల పూట

నర్సమ్మ మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు మా అత్త పాలబిందెలన్నీ గడ్డిమోపుల వెనక దాచిపెట్టింది.

మాది గౌలిపురలో పాలవాళ్ల ఇల్లు. ముందు కొట్టం, వెనక రెండు గదులు. కొట్టంలో పది బర్రెలు, గదుల్లో అత్త, మామ, నా భర్త, నేను. తెల్లచీర కట్టి, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో నల్లతోలు సంచి పట్టుకుని, చంకలో లావుపాటి పుస్తకంతో ఒక మనిషి మా సందులోకి వచ్చిందంటే, అది పాలల్లో నీళ్లు పట్టుకోవడానికి కాక మరెందుకు అనుకుంది మా అత్త. పైగా ఆమె సంచి తెరిచి డబ్బీలోంచి సన్నటి గాజుగొట్టం తీసింది. పాలల్లో ముంచి నీళ్లెన్నో చెప్పే గాజుగొట్టాన్ని తనిఖీకొచ్చే బల్దియా మనుషుల చేతుల్లో మేమంతా చూసినవాళ్లమే. మా అత్త ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. బర్రెలన్నీ వట్టిపోయాయని, వారం రోజులుగా ఇంట్లో చాయ్‌కి కూడా పాలు లేవని గడగడా చెప్పేసింది. నర్సమ్మ నా దగ్గరికి వచ్చి ఆ గొట్టాన్ని నా నాలుక కింద పెట్టి, కాసేపు నోరు మూసుకోమంది. నేను నోరు మూసుకుని కూర్చోగా మా అత్త చూడటం అదే మొదలు.

నాకు ముక్కు మీద కోపం. ఇప్పుడు ఇంత వయసు వచ్చాక కూడా అంతే, అప్పటి సంగతి చెప్పక్కర్లేదు. కానీ ఆ రోజుల్లో ఆ కోపం వెనక ఉన్నదంతా భయమేనని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. రెండో పెద్ద యుద్ధం రావడానికి ముందటి మాట ఇది. నాకు పదిహేడేళ్లు ఉంటాయేమో, ఆరోనెల నడుస్తోంది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. నాకు పుట్టిల్లు లేదు. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది, నాయిన పని దొరికిన ఊరల్లా తిరిగేవాడు. అందుకని అత్తగారింట్లోనే పురుడు పోయాలని నిర్ణయమైంది.

పోసే గది ఏదో కూడా నాకు తెలుసు. అంతకు ముందు ఏడాది అదే గదిలో నా తోడికోడలు మగపిల్లవాణ్ణి కన్నది. కళ్లు పెద్దవి చేసి చూసేవాడు. నాలుగో రోజుకు విరేచనాలు పట్టుకుని, తొమ్మిదో రోజున పోయాడు. గాలి సోకిందన్నారు. నా తోడికోడలు ఆ గదిలో మళ్లీ కాలు పెట్టనని మొండికేస్తే, మా బావ ఆమెను తీసుకుని ఉప్పుగూడ వెళ్లి, స్టేషన్‌లో మూటలు మోసే పనికి కుదురుకున్నాడు. ఖాళీ అయిన గది నాకిచ్చారు. రోజూ ఆ గోడల వంక చూస్తూ పడుకునేదాన్ని. నా బిడ్డ కూడా తొమ్మిదో రోజుకు పోతుందేమో అన్న మాట ఎవరితో చెప్పుకోను? చెబితే నోరు మంచిది కాదంటారు.

నర్సమ్మతో చెప్పాను. ఆమె కాన్పుల దవాఖాన నుంచి వచ్చే నర్సు, అందుకే మాకందరికీ నర్సమ్మ. తొలిచూలు ఆడవాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ వెళ్లి చూసి రావడం ఆమె పని. కిరస్తానీ మనిషి, నడివయసు, మాట నెమ్మది. మా అత్త ఆమెను కొట్టం దాటి రానిచ్చేది కాదు. నీళ్లడిగితే చెంబు ఎత్తి పైనుంచి దోసిట్లో పోసేది. నర్సమ్మ ఆ నీళ్లు తాగి, కొట్టంలో దాణా రాయి మీద కూర్చుని, నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేది. కాళ్లు వాస్తున్నాయా, ఏం తింటున్నావు, నిద్ర పడుతోందా అని అడిగేది. నన్ను ఎవరైనా అలా అడిగి ఎన్నేళ్లయిందో. మొదటి రెండుసార్లు నీకెందుకన్నట్టు విసురుగా జవాబు చెప్పాను. మూడోసారి ఏడ్చేశాను. తోడికోడలి బిడ్డ సంగతి అప్పుడే బయటపెట్టాను.

ఆమె అంతా విని, ఆ బిడ్డకు మొదటి మూడు రోజులూ ఏం పట్టారని అడిగింది. నాకు తెలిసిందే చెప్పాను. మా వైపు బాలింతకు మూడో రోజు నీళ్లు పోసేదాకా రొమ్మివ్వరు. మొదట వచ్చే పాలు చిక్కగా, పచ్చగా ఉంటాయి కదా, అవి చెడ్డపాలని పిండి పారేస్తారు. ఎవరి కాలూ పడని చోట, గోడ మొదట్లో పిండాలి. ఆ మూడు రోజులూ బిడ్డకు బెల్లంనీళ్లు, ఆముదం, కాస్త మేకపాలు గుడ్డవత్తితో చప్పరించనిస్తారు. ఇందులో కొత్తేముంది, అందరూ చేసేదేగా అన్నాను.

నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని, "బిడ్డ పుట్టంగనే రొమ్ముకు పెట్టుకో. ఎవరేమన్న గానీ పెట్టుకో. గా పచ్చపాలే దాని పానం నిలవెడతయి" అంది. సరేనన్నాను. అత్త ముందు ఆ మాట అనే ధైర్యం నాకుందా లేదా అని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.

నెలలు నిండాయి. ఒకనాడు తెల్లవారి పాలు పిండే వేళకు ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని బొడ్డుకోసి, నీళ్లుపోసి, గుడ్డలో చుట్టి పక్కన పడుకోబెట్టింది. మా అత్త గుడ్డవత్తి చేసి బెల్లంనీళ్లు కలిపి తెచ్చింది. నేను పాలిస్తానన్నాను. గట్టిగా అన్నాననే అనుకున్నాను గానీ, పక్కనున్న మంత్రసానికి కూడా వినపడలేదు. ఏమిటే అని ఆమె గుడ్లురిమి చూస్తే నా నోరు పడిపోయింది. నోరున్నదాన్నని సందంతా పేరు, కావలసినప్పుడు అది పనికిరాలేదు. పొద్దెక్కాక ఆమే నా రొమ్ము పిండి, ఆ పాలు గోడవార పారబోసింది. బిడ్డ ఏడుస్తూనే ఉంది. మధ్యాహ్నానికి ఏడుపు సన్నబడింది. గొంతెత్తి ఏడ్చే పిల్ల గొంతు దించేసరికి నేను మళ్లీ ఆ గోడల వంక చూశాను.

అదే పూట కొట్టంలో ఒక బర్రె ఈనింది. పది బర్రెలున్న ఇంట్లో అది వింతేమీ కాదు, రెండు నెలలకొకటి ఈనుతూనే ఉండేది. ఈసారి దుడ్డె బక్కగా పుట్టింది, నిలబడలేకపోతోంది. బర్రె తన్నుతోంది. గది తలుపులోంచి నాకంతా కనిపిస్తోంది. నా భర్త బిందె తెచ్చి పొదుగు దగ్గర కూర్చోబోతే మా అత్త కొడుకును తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తాను పేడలో మోకాళ్ల మీద కూర్చుంది. దుడ్డెను ఒళ్లోకి లాక్కుని, దాని నోట్లో వేలు పెట్టి చీకడం నేర్పి, వేలు తీసి చన్ను పెట్టింది. జారిపోతే మళ్లీ వేలు, మళ్లీ చన్ను. చెమటలు కారుతున్నాయి. అలా ఎంతసేపు అవస్థ పడిందో.

ఆ వేళకే నర్సమ్మ గొడుగు మడుస్తూ లోపలికి వచ్చింది. బిడ్డ పుట్టిందని, పాలు గోడవార పోశారని ఎవరో కబురు చెప్పారట. కొట్టంలో ఆగి చూసింది. ముందు పాలు పిండుకుని తర్వాత దుడ్డె సంగతి చూడరాదా అని అడిగింది, ఏమీ తెలియనట్టు.

మా అత్త తల కూడా ఎత్తలేదు. "ముర్రుపాలు కడుపుల వడకుంటే దుడ్డె బతుకుతదా? పాలోళ్ల ఇంటికి వచ్చి ఏం మాటంటున్నవ్, నర్సమ్మా."

నర్సమ్మ గొడుగు గోడకు ఆనించింది. "లోపట గూడ ఒక దుడ్డె ఉన్నది, పెద్దమ్మా. దాని ముర్రుపాలు గోడకు పోసినవ్."

అంతే అంది. ఎత్తిపొడుపు లేదు, గొంతు హెచ్చించలేదు. మా అత్త వేలు దుడ్డె నోట్లో అట్లాగే ఉండిపోయింది. ఇక ఇంత లొల్లి చేసి ఆమెను బయటికి పంపేస్తుందనుకున్నాను. దుడ్డె చన్ను దొరకబుచ్చుకుని చప్పరించడం మొదలుపెట్టింది. కడుపు నిండేదాకా అత్త కదల్లేదు. తర్వాత లేచి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది. నర్సమ్మ సబ్బు బిళ్ల అందిస్తే తీసుకుని మోచేతుల దాకా మళ్లీ కడుక్కుంది. గదిలోకి వచ్చి బిడ్డను ఎత్తుకుంది. నా పక్కన కూర్చుని, బిడ్డ నోట్లో చిటికెనవేలు పెట్టి, అది చీకడం మొదలెట్టగానే వేలు తీసి నా రొమ్ముకు పెట్టింది. మూడుసార్లు జారింది. నాలుగోసారి పట్టుకుంది. బర్రెలతో నలభై ఏళ్లు గడిపిన చెయ్యి అది, నర్సమ్మ వచ్చి సర్దాల్సిన అవసరమే రాలేదు.

తొమ్మిదో రోజున మా అత్త కొట్టంలోకి పోలేదు. పొద్దున్నుంచీ గడప మీద కూర్చుని, నిమిషానికోసారి బిడ్డ కడుపు మీద చెయ్యి వేసి చూసింది. పాలు పిండటం, పోయడం అంతా మగవాళ్లే చూసుకున్నారు. పొద్దుగూకింది. పిల్ల హాయిగా తాగి, నా చీరంతా తడిపి పడుకుంది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. కోడలిగా వచ్చాక ఆమె నన్ను చూసి నవ్వింది అప్పుడే.

నర్సమ్మ రెండేళ్లు వచ్చింది. మొదట వారానికోసారి, తర్వాత నెలకోసారి. బిడ్డను గుడ్డలో వేసి త్రాసుకు తగిలించి తూచేది. తూస్తే దిష్టి తగులుతుందని మా అత్త ముందే అరికాలికి కాటుక పెట్టి ఇచ్చేది. ఎప్పటి నుంచి అన్నం మెత్తగా పిసికి పెట్టాలో, చెంచా ఎలా మరగబెట్టాలో, జ్వరమొస్తే ఏం చూడాలో ఆమే నేర్పింది. తర్వాతి బిడ్డ కొన్నాళ్లు ఆగితే తల్లికీ పిల్లకూ మంచిదని నా భర్తను కూర్చోబెట్టి మరీ చెప్పింది. ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు, కానీ విన్నాడు. బిడ్డ బరువు పుస్తకంలో నన్నే రాయమనేది. అట్లా అంకెలొచ్చాయి నాకు, అంకెల వెనక అక్షరాలూ వచ్చాయి. కొట్టంలో రాయి మీద కూర్చునే మనిషి ఎప్పుడు వంటింట్లో పీట మీదికి వచ్చిందో నాకు గుర్తులేదు. మా అత్తే మా గ్లాసులో చాయ్ పోసి ఇచ్చేది, చక్కెర ఎక్కువ వేసి. యుద్ధం రోజుల్లో నర్సమ్మను వేరే ఊరికి వేశారు. వెళ్లేముందు వచ్చి బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. నేను సరిగ్గా ఒక్క మంచి మాట కూడా చెప్పలేకపోయాను. ఇంత నెయ్యి డబ్బాలో పోసి ఇచ్చాను, అంతే. ఆ రుణం ఇక్కడ చెప్పుకుంటున్నాను. నాకు అమ్మ లేదన్న మాట ఆమె వచ్చిన రెండేళ్లూ నేను మరిచిపోయాను.

ఆ తర్వాత నేను ఊరుకోలేదు. నా తోడికోడలికి మళ్లీ బిడ్డ పుడితే రైలుకట్ట వెంట నడిచి ఉప్పుగూడ వెళ్లి, దగ్గర కూర్చుని పాలిప్పించాను. ఆ పిల్లవాడు బతికాడు. మా సందులో ఎవరి ఇంట్లో పురుడైనా తలుపు తోసుకుని వెళ్లేదాన్ని. కొందరు వినేవారు, కొందరు నా నోటికి జడిసి వినేవారు.

ఎదురింటావిడ మాత్రం వినలేదు. యుద్ధం అయిపోయింది, నా కూతురు బడికి పోతోంది. ఎదురింటి కోడలికి మధ్యాహ్నం మగపిల్లవాడు పుట్టాడు. నేను వెళ్లేసరికి గుడ్డవత్తి తయారుగా ఉంది. నేను మొదట మంచిగానే చెప్పాను. తర్వాత నా కోపం సంగతి తెలిసిందే. ఒక్క బిడ్డను కని ఊరికి నీతులు చెబుతున్నావా అని ఆమె అంది. నేనూ నాలుగు అన్నాను. సందంతా పోగైంది. ఆమె నన్ను గడప దాటించి తలుపు వేయబోయింది. లోపల బాలింత నా వైపే చూస్తోంది. పదహారేళ్లుంటాయేమో దానికి.

మా అత్త ఎప్పుడు వచ్చిందో చూడలేదు. మోకాళ్ల నొప్పులతో అప్పటికి కొట్టం దాకా నడవడమే గగనం. నన్ను పక్కకు నెట్టి, తలుపు పట్టుకుని నిలబడింది.

"నా కోడలు ముచ్చట ఇడిసిపెట్టు, అక్కా. నా ముచ్చట చెప్త. మా పెద్దోని కంటె ముందుగాల నాకిద్దరు పుట్టిండ్రు. ఇద్దరు పోయిండ్రు. పాలు లేక గాదు, మస్తుండె. నేనే పిండి పారవోసిన, గీ చేతుల్తోని. దుడ్డెలకు తాపిన గానీ నా పిల్లలకు తాపలే. నువ్వట్ల చెయ్యకు."

పెద్దకొడుకు కంటే ముందు ఆ ఇంట్లో ఇద్దరు పుట్టారన్న సంగతి నాకు తెలియదు. నా భర్తకూ తెలియదని తర్వాత తెలిసింది. ఎదురింటావిడ చేతిలోని బెల్లంనీళ్ల గిన్నె కింద పెట్టి, తలుపు వదిలేసింది. మా అత్త లోపలికి వెళ్లి చేతులు కడుక్కుని, ఆ పిల్లవాడి నోట్లో వేలు పెట్టింది.

పని అయ్యాక నేనే ఆమెను పట్టుకుని సందు దాటించాను. నడిమధ్యలో ఆగింది. నొప్పి ఎక్కువైందేమో అనుకున్నాను.

"గా నర్సమ్మ నా కాలంల ఎందుకు రాలేదే?" అంది.

ఆమె చెయ్యి ఇంకా తడిగానే ఉంది. పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్లాను.