చలవ చెయ్యి

కోట ఊరి నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన, రేకుల షెడ్డు కింద సిలార్ ఇరవై ఆరేళ్ళుగా కార్లు బాగుచేస్తున్నాడు. ఆ రోడ్డు మీదికి గాలి వచ్చేటప్పుడు ఉప్పు తెస్తుంది, పోయేటప్పుడు ఇనుమును కాస్త కాస్తగా కొరికి తీసుకుపోతుంది. అందుకే అతనికి పనికి ఎన్నడూ కరువు లేదు.

పనితో పాటు ఒక పేరు కూడా ఉంది. “సిలార్‌ది చలవ చెయ్యి” అంటారు రొయ్యల గుంటల వాళ్ళు. అతను ముట్టుకున్న బండి రోహిణి కార్తెలో కూడా కాగదు. వేడి చూపించే ముల్లు, మడుగులో పడుకున్న గేదెలాగా, కింది గీత దగ్గరే కదలకుండా ఉంటుంది. ఆ పేరు వినబడినప్పుడల్లా సిలార్ తన అరచేతులు చూసుకునేవాడు. గ్రీజు ఎక్కిన గీతల్లో ఎక్కడో ఒక చల్లని ఏరు పారుతున్నట్టు అనిపించేది.

ఆ ఆదివారం పొద్దున షెడ్డు తలుపు తీస్తూ రోడ్డుకు అటువైపు చూశాడు. గంగాధరం ఇంటి ముందు అతని పాత డీజిల్ కారు బానెట్ ఎత్తి ఉంది. ఇరవై ఏళ్ళలో ఆ బానెట్‌ను సిలార్ తప్ప మరొకరు ఎత్తింది లేదు. తన ఇంటి పెట్టెను ఎవరో తెరిచి, గుడ్డలన్నీ బయట ఆరబెట్టినట్టయింది అతనికి.

బండి మీద వంగి ఉన్నది గంగాధరం కూతురు సుప్రియ. కోటలో రొయ్యల ల్యాబులో పనిచేస్తుంది. రోజూ గుంటల నీళ్ళు పరీక్షించి, ఉప్పెంతో చెబుతుంది.

“ఏంది, నీ చూపు రోడ్డవతల పడింది?” టీ గ్లాసు తెచ్చిన భార్య మెహబూబున్నీసా అడిగింది. “పోయి చూడరాదా? ఈడ నిలబడి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటే నీ కళ్ళే గదా కాలేది.”

“నాకేం పని ఆడ?” అన్నాడు సిలార్. టీ సగం తాగి, గ్లాసు అక్కడే పెట్టి, రోడ్డు దాటాడు.

“రా సిలారూ, రా!” గంగాధరం అరుగు మీది నుంచి పిలిచాడు. “చూసినావా మా సుప్రియని? నిన్న రేడియేటర్లో నీళ్ళు ఒక చుక్క తీసి, ఆ ఉప్పు చూసే గొట్టంలో ఏసి చూసింది. గుంట నీళ్ళలో సగం ఉప్పుందంట! రొయ్యకి పోసే నీళ్ళని రోజుకి రెండుసార్లు చూస్తామే, బండికి పోసేది ఒక్కసారన్నా చూడొద్దా అంటాది.”

ఆ నీళ్ళు సిలార్ షెడ్డు బోరువే. ఇన్నేళ్ళూ బిందెతో తెచ్చి పోసినవాడు అతనే. గంగాధరం మాటలో ఎత్తిపొడుపు లేదు, కూతురి మీది మురిపెమే ఉంది. ఎత్తిపొడుపైతే తిరిగి ఒక మాట అనొచ్చు.

సుప్రియ రేడియేటర్ కింది మర విప్పింది. టీ డికాషన్ లాంటి నీళ్ళు తొట్టిలోకి జారాయి. ఒక్క చుక్క నేల మీద పడలేదు. రేడియేటర్లో పోయడానికి నెల్లూరు నుంచి తెచ్చిన పచ్చ కూలెంట్ డబ్బా, ముల్లు లేవడం లేదని కొన్న కొత్త థర్మోస్టాట్ అరుగు మీద వరుసగా ఉన్నాయి. ఆ వరుసను చూసినా సిలార్‌కు కడుపు మండింది. తన పనిముట్లు ఎప్పుడూ గోనె మీద కుప్పగానే పడి ఉంటాయి.

థర్మోస్టాట్ అంటే అరచేతిలో ఇమిడే ఇత్తడి తలుపు. ఇంజను వేడెక్కేదాకా నీళ్ళను ఆపుతుంది, వేడెక్కాక దారి విడుస్తుంది. సుప్రియ ఇప్పుడు ఆ తలుపు ఉండే గూడు మూత మీదికి స్పానర్ వేసింది.

మూత వచ్చింది. గూడు ఖాళీ.

“మామా, ఇందులో పాతది లేదే?” సుప్రియ సిలార్‌ని అడిగింది.

ఎనిమిదేళ్ళ కిందటి మే నెల సిలార్ కళ్ళ ముందు నిలబడింది. ఆ రోజు గంగాధరం గుంటలో రొయ్యల పట్టుబడి, పంట మొత్తం ఎత్తి పంపాలి. వాటికోసం తెస్తున్న ఐసు కరిగిపోతోంది, బండి కాగి రోడ్డు మీద ఆగింది. థర్మోస్టాట్ తలుపు బిగుసుకుపోయింది. కొత్తది నెల్లూరు నుంచి రావాలి. “రేపు ఏస్తాలే అన్నా” అని దాన్ని పీకేశాడు సిలార్. ఆ రేపు రానే లేదు. బండి మాత్రం చల్లగా పరిగెత్తింది, గంగాధరం ఊరంతా పొగిడాడు. ఆ తర్వాత కాగిన ప్రతి బండికీ అదే వైద్యం. ఆ తలుపు లేని ఇంజను సరైన వేడికి రాక డీజిల్ ఎక్కువ తాగుతుందని, త్వరగా అరుగుతుందని ఎవరికీ చెప్పలేదు. చలవ చెయ్యి అంటే ఇంతే, ఒక ఖాళీ గూడు.

“తుప్పు పట్టి రాలిపోయి ఉంటాది పాపా,” అన్నాడు.

సుప్రియ కొత్తదాన్ని అటూ ఇటూ తిప్పింది. పాతది ఉంటే అది కూర్చున్న తీరు చూసి పెట్టేది. ఫోనులో వీడియో చూసింది, అది వేరే బండి. కాసేపు ఆలోచించి, స్ప్రింగు బయటివైపు ఉండేలా కూర్చోబెట్టింది.

తిరగబడింది. స్ప్రింగు ఇంజను వైపు ఉండాలి. ఇట్లా పెడితే దానికి వేడి తగలదు, తలుపు తెరుచుకోదు.

సిలార్ నోరు తెరవబోయి మూసుకున్నాడు. రేపు బండి మళ్ళీ కాగుతుంది. గంగాధరం రోడ్డు దాటి వస్తాడు. “చదివినోళ్ళకేం తెలుసు, నీ చెయ్యి నీదే సిలారూ” అంటాడు. ఆ మాట ఎండలో చెరకురసంలా గొంతులోకి దిగింది. ఆమె మూత బిగించింది, పచ్చని నీళ్ళు పోసింది, బండి స్టార్ట్ చేసింది.

“ముల్లు లేస్తా ఉండాది చూడు!” గంగాధరం కారు కిటికీలోంచి తొంగి చూసి చిన్నపిల్లాడిలా అరిచాడు. “ఎన్నేండ్లకి కదిలిందో!”

ముల్లు సగం దాటింది. ఇంజను నుంచి రేడియేటర్‌కు వేడి నీళ్ళు పోయే పై గొట్టం మీద సిలార్ చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. లోపల ఇంజను ఉడుకుతోంది, అతని అరచెయ్యి కింద మాత్రం చల్లన. ఇన్నేళ్ళూ మురిసిపోయిన చల్లదనం ఇదేనా? సుప్రియ బానెట్ పక్కన మొహం వాల్చి, ఎప్పుడు వేడెక్కుతుందా అని ఆ గొట్టాన్నే చూస్తోంది. చూపులో అనుమానం లేదు, ఆత్రం ఉంది. మొదటి బండి విప్పిన రోజు తనకూ అట్లాంటి చూపే ఉండేది.

అతను కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. ఇంజను ఆగింది.

“ఏందయ్యా ఆపినావు?” అన్నాడు గంగాధరం.

“దూరం జరుగు పాపా, నీళ్ళు చిమ్ముతాయి. తిరగేసి పెట్టినావు.”

“పెట్టేటప్పుడు చూస్తానే ఉండావు గదా మామా?”

“చూసినా. చెప్పలా.” గంగాధరం వైపు తిరిగాడు. “పాతది రాలిపోలా, అన్నా. నేనే పీకేసినా, ఆ పట్టుబడి రోజు. అది ఉండుంటే పాప తప్పు చేసుండేది కాదు.”

గంగాధరం అతన్ని ఎగాదిగా చూశాడు. “అంటే ఇన్నేండ్లూ నేను టీ అంగట్లో పొగిడింది బొక్కనా?”

“బొక్కనే.”

“థూ, నీ చలవ చెయ్యి తగలెయ్య!” అని గంగాధరం అరుగు మీద కూలబడ్డాడు. కోపం వచ్చింది, దాని వెనకాలే నవ్వు కూడా వచ్చింది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు.

బండి చల్లారాక సుప్రియ స్పానర్ అతని వైపు చాచింది. సిలార్ తీసుకోలేదు. “నువ్వే చెయ్. స్ప్రింగు లోపలికి. ఆ చిన్న బెజ్జం పైకి రావాల, గాలి పోయేదానికి.”

ఈసారి ముల్లు సగం దాకా లేచి అక్కడే నిలబడింది. పై గొట్టం కాలింది. తన చేతి కింద ఎనిమిదేళ్ళుగా నిలవని చోట, ఆ అమ్మాయి చేతి కింద నిలబడింది. సిలార్‌కు మళ్ళీ కడుపు మండింది. నిజం చెప్పినంత మాత్రాన అది ఆరలేదు.

రోడ్డు దాటి, బోరు కొట్టి, ఖాళీ సీసాలో నీళ్ళు పట్టి తిరిగొచ్చాడు. సుప్రియ చేతులు తుడుచుకుంటోంది. ఆమె వైపు చూడకుండా సీసాను అరుగు మీద పెట్టాడు.

“ఆ ఉప్పు చూసే గొట్టంలో ఒకసారి చూసి చెప్పు పాపా, ఉప్పెంతో,” అన్నాడు. “మీ నాయన ముందర మాత్రం గట్టిగా చెప్పబాక.”