చెప్పకుండా చచ్చే సీటో బాబాయ్

సీటో బాబాయ్ ఏ మాటా చివరిదాకా చెప్పడు. సరిగ్గా మనకు కావలసిన ముక్క దగ్గర ఆగి, కళ్లు తేలేసి, తల వాల్చేస్తాడు.

ఆయన్ని అని లాభం లేదు, వృత్తి అలాంటిది. కౌలూన్‌లో మా స్టూడియో తీసే కుంగ్‌ఫూ సినిమాలన్నిటిలో హీరోకి విద్య నేర్పిన గురువు ఆయనే. పదో నిమిషంలో విలన్ చేతిలో దెబ్బ తింటాడు. శిష్యుడు పరుగున వచ్చి, తల ఒళ్లో పెట్టుకుని, "గురువుగారూ, ఎవడు చేశాడీ పని?" అని భోరుమంటాడు. "నన్ను చంపింది... వాడి పేరు..." అంటాడు బాబాయ్. అంతే! మిగతా సినిమా అంతా ఆ పేరు కోసమే. అలా నూట ఎనభై సార్లు పోయాడు, ఒక్కసారి కూడా పేరు చెప్పలేదు. ఆయనకి తెల్లగడ్డం అంటించేది నేనే కాబట్టి నాకు తెలుసు.

హాల్లో జనం "చెప్పి చావు ముసలోడా!" అని పుచ్చగింజలు విసిరేవాళ్లు. విసిరేవాళ్లే గానీ ఒక్కడూ లేచి వెళ్లేవాడు కాదు. హంతకుడెవడో మనకు తెలుసు, హీరోకి తెలీదు. ఆ మంట చాలు మనిషిని కుర్చీకి కట్టిపడేయడానికి. విలన్ బుగ్గ మీద మచ్చ అంటించిన నేనే, "ఒరేయ్, నీ వెనకే ఉన్నాడ్రా!" అని అరిచి పక్కవాళ్ల చేత తిట్లు తిన్నాను.

టీ దుకాణంలోనూ అదే వరస. "నాకు... వేడివేడిగా..." అని బల్ల మీద వాలిపోయేవాడు. సర్వరు "అర్థమైంది పెద్దాయనా" అంటూ పొద్దున మిగిలిపోయిన కోడికాళ్లు తెచ్చి పెట్టేవాడు. బాబాయ్ కిక్కురుమనకుండా తినేవాడు.

ఇక ఇంట్లో పిన్ని అవస్థ చెప్పనక్కర్లేదు.

"ఏవయ్యా, తాళంచెవి ఎక్కడ పెట్టావు?"

"తాళంచెవి... ఆ... వెనకాల..." గోడకి జారబడి కళ్లు మూసేవాడు.

"చస్తే చచ్చావు గానీ, అదెక్కడుందో చెప్పి చావు! అవతల మాజాంగ్ ఆట బల్ల దగ్గర ముగ్గురూ కూచుని ఉన్నారు, నా కోసమే ఆగారు!"

అద్దెవాటాల వాళ్లంతా తలుపులు తీసి మరీ చూసేవాళ్లు.

ఓ ఏడు తీసిన ఒక సినిమాలో హీరో హంతకుణ్ణి ఎడమ బుగ్గ మీది మచ్చను బట్టి పోల్చుకుంటాడు. మచ్చ అంటించడం నా పని. రోజూ విలన్‌కి ఎదురుగా నిలబడి నా కుడిచేతి వైపు అంటించేదాన్ని. ఆఖరి ఫైటింగు రోజున తొందరలో, విగ్గు దువ్వుతూ దువ్వుతూ, కుర్చీ వెనకాల నిలబడి అలవాటుగా మళ్లీ నా కుడిచేతి వైపే అంటించేశాను. పక్క కుర్చీలో ఇంకో సినిమాలో చావడానికి తయారవుతున్న బాబాయ్ చూశాడు.

"అమ్మాయ్... ఆ మచ్చ..." అని తల వాల్చాడు.

"ఉండు బాబాయ్, నువ్వు చావడానికి ఇంకా టైముంది" అన్నాను.

నాలుగు రోజులకి, తీసిన ముక్కలు తెరమీద వేసి చూశారు. మచ్చ కుడి బుగ్గ మీద ఉంది! గురువుని చంపినవాడొకడు, హీరో చంపింది ఇంకొకణ్ణి అయి కూచుంది. మళ్లీ తీద్దామంటే ఆ ఫైటింగులో సెట్టు పుల్లలు పుల్లలైపోయింది. డైరెక్టర్ పూన్ గారు మేకప్ గదిలోకి ఊడిపడ్డారు.

"ఎవరు అంటించారిది? చెప్పండి! ఈ పూటే ఉద్యోగం ఊడబెరుకుతాను!"

మేకప్ వాళ్లం ముగ్గురం. ఇంట్లో అత్తగారు, ఇద్దరు పిల్లలు నా ఒక్క జీతం మీదే బతుకుతున్నారు. నేనేనని చెప్పాలని ఉంది, కానీ విగ్గు దువ్వుతున్నట్టు అటు తిరిగాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"సీటో, నువ్విక్కడే ఉన్నావుగా? ఎవరో చెప్పు" అన్నారు పూన్ గారు.

బాబాయ్ లేచాడు. "ఆ మచ్చ... అంటించింది..." అని గుండె పట్టుకున్నాడు.

"నీ వేషాలు నా దగ్గరా? పేరు చెప్పవయ్యా!"

"ఆ పేరు..." మోకాళ్ల మీద కూలబడి డైరెక్టర్ గారి ప్యాంటు పట్టుకున్నాడు. గుమ్మంలో మూగిన లైట్ల వాళ్లు కిసుక్కుమన్నారు. బాబాయ్ పాకాడు, దగ్గాడు, రెండుసార్లు పోయి మూడోసారి కళ్లు తెరిచాడు. "వాడు... ఒక్కడు కాదు... కవలలు... అన్నకి ఎడమ... తమ్ముడికి..."

పోయాడు.

పూన్ గారు తన బుగ్గలు రెండూ తడిమి చూసుకున్నారు. "కుడి!" అని అరిచారు ఒక్కసారిగా. "తమ్ముడికి కుడి! ఒక టిక్కెట్టుకి రెండు ప్రతీకారాలు! కథ రాసేవాణ్ణి పిలవండ్రా!" వచ్చిన పని మరిచిపోయి అలాగే పరుగెత్తారు.

సాయంత్రం బాబాయ్ గడ్డం ఊడదీస్తుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"బాబాయ్, నువ్వు చూశావుగా. నా పేరెందుకు చెప్పలేదు?"

ఆయన అద్దంలోంచి నావంక చూశాడు. "పేరు తెలిశాక ఏమవుతుందో మనం రోజూ తీస్తూనే ఉన్నాం కదమ్మా" అన్నాడు.

ఆయన నోట ఒక వాక్యం పూర్తిగా నేను విన్నది ఆ ఒక్కసారే.