ఆపుకున్న తుమ్ము

మా పక్క ఫ్లాట్ ఆవిడది తెనాలి. నెలకోసారి వరండాలో స్టవ్ పెట్టి మరీ మిరపకాయలు వేయిస్తారు. ఆ ఘాటుకు శామీర్‌పేట చెరువులో కొంగలు కూడా దగ్గుతాయని నా అనుమానం. "కాస్త ఓర్చుకోండి అన్నయ్యగారూ, కారప్పొడండీ," అంటారు నవ్వుతూ. ఓర్చుకోవడమంటే మూడంతస్తుల వాళ్లం కలిసి తుమ్మడం.

అందరిలోకీ గొప్ప తుమ్ము మా ఆవిడ సుజాతది. ముందు సన్నగా "హీ" అని రాగం తీస్తుంది. ఆగుతుంది. ఇక రాదులే అని మనం అనుకున్నాక పేలుతుంది. చివర్లో "అమ్మ" అని ఒక తోక. ఆమె నా మేనత్త కూతురు కాబట్టి ఆ తుమ్మును చిన్నప్పటి నుంచీ ఎరుగుదును.

దయ్యాలను, శకునాలను నేనెప్పుడూ నమ్మలేదు. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను, పాసయ్యాను కూడా. బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చుని, నీళ్లు తాగి వెళ్లడం మా ఇంట్లో అందరికీ అలవాటు. నేను మాత్రం "నాకు దాహంగా లేదు" అని వెళ్లిపోయేవాణ్ని.

మేడ్చల్‌లో గోదాం ఉద్యోగం మానేసి, అదే పని చేయడానికి గల్ఫ్‌లో ఒక దేశానికి వెళ్లాను. బయల్దేరిన రోజు సుజాత గుమ్మం దగ్గర చున్నీతో ముక్కూ నోరూ మూసుకుని నిలబడింది. కళ్లు ఎర్రబడ్డాయి, నీళ్లు కారుతున్నాయి. ఒక్క మాట కూడా పెగల్లేదు. నా మీద ఇంత ప్రేమా అని ఎయిర్‌పోర్ట్ దాకా గర్వపడ్డాను.

ఏడు నెలలకు అక్కడ బాంబులు మొదలయ్యాయి. విమానాలు ఆగిపోయాయి. మా భవనం దాదాపు ఖాళీ అయింది. నాలుగో అంతస్తులో నేనూ, గౌడవెల్లి నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ మల్లేశూ మిగిలాం. చప్పుడైనప్పుడల్లా బాత్‌రూంలో కూర్చునేవాళ్లం. కిటికీ లేని గది అదొక్కటే. అన్ని గంటలు బాత్‌రూంలో గడిపినా స్నానానికి మాత్రం నీళ్లుండేవి కావు.

మూడో రోజు ఫోన్లు పోయాయి. సుజాతతో చివరగా అన్న మాట "అన్నం తిన్నాం". అది అబద్ధం.

ఐదో రోజు ఉదయం పదిన్నరకు కంపెనీ మనిషి వచ్చి, సరిహద్దుకు వెళ్లే బస్సు వీధి చివర ఆగిందని, పావుగంటే ఉంటుందని చెప్పి వెళ్లిపోయాడు. సంచులు పట్టుకుని దిగాం. మొదటి అంతస్తు మెట్ల మీద ఉండగా వెనక నుంచి "హీ" అని రాగం. ఆగింది. పేలింది. చివర్న "అమ్మ".

మల్లేశ్ నిలబడిపోయాడు. "అన్నా, ఎవలు తుమ్మిన్రు?"

మెట్ల మీద మేమిద్దరమే. నా ఫోన్ చార్జింగ్ లేక రెండు రోజులుగా జేబులో చచ్చి ఉంది. మల్లేశ్ సుజాతను ఎప్పుడూ చూడలేదు, ఆమె తుమ్ము వినలేదు.

"కూసో అన్నా, నీళ్లు తాగి పోదం."

"బస్సు పోతది మల్లేశ్."

"పోనీయ్. తుమ్మినంక ఎవలన్న అడుగు బయట వెడ్తరా?"

కూర్చున్నాను. ఫిజిక్స్ గుర్తు రాలేదు. సీసాలో ఉన్న రెండు గుక్కలు చెరొకటి తాగాం. మూత బిగిస్తుండగా భవనం అదిరింది. బాంబు పడింది అవతలి వీధిలోనే. కానీ ఆ అదురుకు కింద మా ముందు ద్వారం, దాని చుట్టూ ఉన్న నిలువెత్తు అద్దాలు మొత్తం లోపలికి కూలాయి. ఆగకపోయి ఉంటే ఆ తలుపు తోస్తూ ఉండేవాళ్లం.

గాజు ముక్కల మీంచి నడిచి బయటికొచ్చాం. బస్సు అక్కడే ఉంది. డ్రైవర్ సీటు కింద దాక్కుని ఉన్నాడు.

ఇంటికి చేరాక సుజాతను అడిగాను, ఆ రోజు మన టైం ఒంటిగంటకు తుమ్మావా అని.

"తుమ్ముడు యాడిది? పొద్దటి సంది టీవీ ముంగట్నే ఉన్న."

ఆ పూటంతా ఆమె పక్కన కూర్చున్నది తెనాలి ఆవిడేనట. "తుమ్మా? అసలు నోరే విప్పలేదండీ," అన్నారు ఆవిడ.

అప్పుడు చెప్పింది సుజాత. "నువ్వు పోయిన్నాడు ఒకటి ఆపుకున్న బావా. సర్ది వట్టింది. నువ్వు గడప దాటుతుంటె రావట్టింది. అపశకునమైతదని ముక్కు గట్టిగ వట్టుకున్న."

ఎయిర్‌పోర్ట్ దాకా పడ్డ గర్వం అప్పుడు దిగింది. దాని చోట ఇంకేదో వచ్చింది. దాని పేరు నాకు తెలియదు.

ఆ తుమ్ము ఏడు నెలలు ఎక్కడ ఉందో, అంత దూరం ఎలా వచ్చిందో కూడా తెలియదు. శబ్ద వేగం తెలుసు గానీ, దానితో లెక్క కుదరదు. ఆ రోజు మెట్ల మీద ఏం విన్నావని మల్లేశ్‌కు ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతుంటాను. "నువ్వెన్ని సార్లడిగినా గంతే అన్నా. ఆఖర్ల అమ్మా అన్నది," అంటాడు.

నిన్న కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. అక్కడ అంతా సద్దుమణిగిందట, పదిహేను రోజుల్లో రమ్మన్నారు. సుజాతకు చదివి వినిపించాను. పక్క ఫ్లాట్‌లో మిరపకాయలు వేగుతున్నాయి. ఆమె కళ్లు అప్పటికే ఎర్రగా ఉన్నాయి.

"పోతె పో బావా," అంది. "గీసారి మాత్రం నేను ఆపుకోను."