ఆర్కిడ్ గదిలో మామిడికాయలు

చెయ్యి కూడా తగలకుండా ఏడు మొగ్గలను చంపిన ఘనత నాది. పురుగు పట్టి పోలేదు, నీళ్లు లేక పోలేదు. నా పొదుపు వల్ల పోయాయి. చెబుతాను, నవ్వండి. మా ఆయనే నవ్వాడు, ఇక మీకేం మొహమాటం?

మా ఆయన తిరుపతిలో జీవితమంతా పూలు కట్టి అమ్మిన మనిషి. ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డాక, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం తగిలించుకుని, ఒకే ఒక్క కోరిక కోరాడు.

"ఇన్నేండ్లూ తెంపిన పూలే సూసినా మే. ఒక్కటన్నా సెట్టు మీద దాని పాటికది విచ్చుకునేది సూడాల."

మా కూతురు లలిత రేణిగుంట దగ్గర మొక్కలు పెంచే కంపెనీలో పని చేస్తుంది. నాయన కోరిక విని, ఆయన మంచం పక్కనుండే సామాన్ల గదిని ఖాళీ చేసింది. మధ్య గోడకున్న కిటికీకి అద్దం బిగించింది. లోపల ఏడు మొగ్గలు తొడిగిన ఒక ఆర్కిడ్ కుండీ, దానికి తోడు నాలుగు మొక్కలు, పెళ్లివారి విడిదిని తలదన్నే లైట్లు. అంతటితో ఆగిందా? ఒక గ్యాసు సిలిండరు కూడా తెచ్చి పెట్టింది. అందులోని గాలిని కార్బన్ డయాక్సైడ్ అంటారట, సోడాలో పట్టేది.

అట్లా మా ఇంట్లో రెండు సిలిండర్లయ్యాయి. ఆయనకు మంచి గాలి, మొక్కలకు చెడ్డ గాలి.

"మొక్కలకు సోడా ఎందుకు మే? అరక్కుండా ఉండాయా?" అన్నాను.

"మనం వదిలే గాలే వాటికి తిండి మా. తలుపు మూసిన గదిలో అది అయిపోతాది. అందుకే కొంచెం కొంచెం వదలాల."

"మనం ఊరికే వదిలేదానికి సిలిండరా? నేనేం సచ్చిపోయినానా?"

మరుసటి రోజు కూతురు పనికి పోగానే సిలిండరు కట్టేసి, పీట వేసుకుని ఆ గదిలో కూర్చున్నాను. గోడ మీద మీటరుంది. గదిలో ఆ గాలి ఎంతుందో అంకెల్లో చూపిస్తుంది. నోరు మూసుకుంటే అంకె నత్తలా కదిలింది. పనిమనిషి నుంచి పాలవాడి దాకా అందరినీ తలుచుకుని తిట్టడం మొదలుపెట్టాను. చూస్తుండగానే పైకి పాకింది.

మా ఆయన అద్దం మీద తట్టాడు. "నన్ను కూడా రెండు తిట్టు మే, బాగా ఎక్కుతాండాది!"

సాయంత్రం ఈ సంగతి విని లలిత తల పట్టుకుంది. "అట్ల గంటలకొద్దీ కూసోగూడదు మా, తల తిరిగి పడతావు. ఊపిరుండేది ఏదైనా వదులుతాది ఆ గాలిని, కోసిన కాయ కూడా. నువ్వే పొయ్యి కూసోవాల్నా?"

ఆ కోసిన కాయ మాట అది అనకుండా ఉండాల్సింది.

ఆ వారమే మా తమ్ముడు పూతలపట్టు తోట నుంచి రెండు గంపల మామిడికాయలు దించిపోయాడు. నా బుర్రలో ఆ గదిలో కంటే పెద్ద లైటు వెలిగింది. కాయలు మాగడానికి వెచ్చటి గది దొరికినట్టూ ఉంటుంది, మొక్కలకు తిండి పెట్టినట్టూ ఉంటుంది. సిలిండరు మళ్లీ కట్టేసి, గంపలు లోపలికి తోసి, వరిగడ్డి కప్పి, తలుపు బిగించాను. రెండో రోజుకే మీటరు దూకింది.

"సూసినావా! మూడో తరగతి సదివినదాన్ని, సిలిండరు లేకుండా సేసినా!"

మా ఆయన ముఖంలో సంతోషం లేదు. "ఆ కాయలు తీసేయి మే. మా నాయన పూలంగట్లో పండ్లగంప పక్కకు రానిచ్చేవాడు కాదు."

"ఎందుకంట?"

"తెలీదు. రానిచ్చేవాడు కాదు, అంతే."

"మీ నాయనకు పండ్లంగడోడితో తగువుండింటాది, పో," అన్నాను.

నాలుగో రోజు ఒక మొగ్గ పసుపు రంగుకు తిరిగింది. మధ్యాహ్నానికి రాలింది. ఆ తర్వాత ఒక్కొక్కటి రాలేకొద్దీ ఆయన మంచం మీద నుంచే లెక్క పెట్టుకున్నాడు, నాకు చెప్పలేదు. ఆదివారం లలిత తలుపు తీసేసరికి కాడ ఒట్టిపుల్లలా నిలబడి ఉంది. గదంతా మామిడిపండ్ల వాసన.

"మా! ఈడ మాగబెట్టినావా?"

"నువ్వే కదా సెప్పినావు, కాయ కూడా వదులుతాదని!"

"మాగేటప్పుడు ఇంకో గాలి కూడా వదులుతాది మా. పక్క కాయను మాగబెట్టేది అదే, మొగ్గల్ని రాల్చేదీ అదే. ఈ మీటరు దాన్ని సూపించదు."

చిరిగిన గుడ్డను కూడా పారెయ్యని చెయ్యి నాది. ఆ చేతిలో ఏడు మొగ్గలు పెట్టుకుని ఆయన మంచం దగ్గర నిలబడ్డాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన నవ్వాడు. దగ్గు వచ్చి, గొట్టం జారి, దాన్ని మళ్లీ పెట్టించుకుని కూడా నవ్వాడు.

"మా నాయన గెలిచినాడు పో! సరే, పూలు పాయ, పండన్నా తే."

పండు తిన్నాడు. రసం గొట్టం మీద కారింది. "బాగా మాగినాయి. నీ పనికి వంక పెట్టేదానికి లేదు." తర్వాత లలితను అడిగాడు, "మళ్లా ఎప్పుడు పూస్తాది పాపా?"

"వచ్చే ఏడు, నాయనా."

"ఓహో," అన్నాడు.

వానాకాలం దాటకుండానే పోయాడు.

చెప్పిన మాట ప్రకారం ఆర్కిడ్ మరుసటేడు పూసింది. సరిగ్గా ఏడు పూలు. మొదటిది విచ్చుకునే రోజు నేను ఆయన మంచం మీద, ఆయన వైపే పడుకుని, అద్దంలో నుంచి చూశాను. తొందరేం లేదు దానికి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా విచ్చుకుంది. లలిత దాన్ని కోసి నాయన ఫోటోకు పెడదామని కత్తెర తెచ్చింది. చేతి మీద ఒకటిచ్చాను. కుండీనే మోసుకొచ్చి ఫోటో ముందర పెట్టాను.

కాబట్టి ఇంట్లో అందరూ వినేట్టు నేను చేసిన ప్రమాణం ఇది. బొందిలో ప్రాణముండగా పూవునూ పండునూ ఒక గదిలో ఉంచను. ఈ ఏడు మా తమ్ముడు గంపలు తెస్తే వీధి గుమ్మంలోనే ఆపి, వెనక వసారాకు పంపించాను. ఆయనకు పండు పెట్టేది ఆడ, పూలు చూపించేది ఈడ. రెండూ కావాలంటే ఆయనే అటూ ఇటూ నడవాల్సిందే. నడవనీండి, ఇప్పుడు ఆయాసం రాదు కదా.