మూడు చుక్కలు లేని ఫ్రేము

మల్కాపురంలో అర్ధ శతాబ్దం పాటు సైకిళ్లు బాగుచేసిన మా మేస్త్రి గారు పోయిన సోమవారం కన్నుమూశారు. ఈ సమాచారాన్ని ఏ కార్యాలయమూ ప్రకటించలేదు. ఆదివారం తప్ప ఏనాడూ పగలు దించని షట్టరు దించి ఉండటాన్ని బట్టి ప్రజలే నిర్ధారించుకున్నారు. ఆయన గురించి రాయడానికి నాకున్న అర్హత ఏమిటని పాఠకులు అడగవచ్చు. ఆయన నన్ను ఒకసారి అబద్ధం ఆడనివ్వలేదు. అర్హత అంతే.

ముందుగా నేరం వివరాలు. మా అక్కకు తొమ్మిదేళ్లు, నాకు ఏడేళ్లు ఉన్నప్పుడు మా ఇద్దరికీ కలిపి ఒక చిన్న సైకిలు ఉండేది. ఆస్తి ఉమ్మడిదే గాని, అనుభవం మొత్తం అక్కది. ఒక మధ్యాహ్నం పాత ఇనుము తీసుకుని పీచుమిఠాయి ఇచ్చే బండి మా వీధిలోకి వచ్చింది. నా వాటాను విడదీయడం సాధ్యపడనందున సైకిలు మొత్తం ఇచ్చేశాను. మిఠాయి తిని, మూతి తుడుచుకుని, సైకిలు ఎవరో ఎత్తుకుపోయారని ఇంట్లో నివేదించాను. రోజూ అడిగి తొక్కేది పక్కింటి స్నేహితురాలే కాబట్టి అక్క అనుమానం ఆమె మీదికి పోయింది. మాటా మాటా పెరిగింది. ఆ రోజుతో ఆ ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. విచారణ సాగినన్నాళ్లూ నేను సాక్షిగా కూడా హాజరు కాలేదు.

మూడేళ్ల క్రితం ఒక తుక్కు దుకాణంలో పిల్లల సైకిలు ఫ్రేము ఒకటి కనిపించింది. పసుపు రంగు; చక్రాలు లేవు, సీటు లేదు. అది మా సైకిలేనని అక్కడికక్కడే తీర్మానించాను. తీర్మానం చేసిన సంఘంలో సభ్యుణ్ణి నేనొక్కడినే. బాగుచేయించి ‘దొరికింది’ అని అక్క చేతికిస్తే, దొంగ ఎవరన్న ప్రశ్న ఆ సంతోషంలో మరుగున పడుతుందని నా ఆలోచన. ఇక మేస్త్రి గారి ధ్రువీకరణ ఒక్కటే తక్కువ. చిన్నప్పుడు మా సైకిలు బాగుచేసింది ఆయనే. ఆయన ఔనంటే అక్క మారుమాటాడదు.

ఫ్రేము ముట్టుకునే ముందు ఆయన చేతులు కడుక్కున్నారు. పని అయ్యాక చేతులు కడుక్కునే మెకానిక్కులు ఎందరో ఉన్నారు. ముందు కడుక్కునేవారిని ఆయననొక్కరినే చూశాను.

“ఏటి బాబూ, ఇది మీదేనని ఎలాగ సెప్తన్నావు?”

“రంగు చూడండి మేస్త్రి గారూ. అదే పసుపు.”

“ఓర్నాయనో! మీ ఈదిలో పసుపు కాని సైకిలుందేటి? మీ నాన్న తుక్కు వేలంలో క్రేన్లకేసే రంగు డబ్బాలు తెచ్చి ఈదందరికీ పంచేసినాడు గదా. సాయంత్రమైతే పిల్లగుంటలు ఒకల సైకిలు ఇంకొకలు ఏసుకుపోయీవోరు.”

ఇది కాదనలేని వాస్తవం. మా వీధిలో గేట్లు, బకెట్లు, ఒక కోళ్లగూడు సైతం క్రేను పసుపులో ఉండేవి.

ఆయన గోరంత మేర రంగు గీకారు. పసుపు కింద ఆకుపచ్చ బయటపడింది. “మీదానికి అడుగున ఎరుపు” అన్నారు. జ్ఞాపకాలు పొరపడవచ్చునని మనవి చేశాను. ఆయన వాదించలేదు. ఫ్రేమును తిరగేసి, పెడళ్ల ఇరుసు దూరే గొట్టం అడుగు భాగాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడవసాగారు. తుప్పు పూర్తిగా వదిలాక వేలితో తడిమి చూశారు.

“నా దగ్గరికొచ్చిన బండికి వచ్చినప్పుడల్లా ఇక్కడ ఈ ఇనప పంచితో ఒక సుక్క కొడతాను. మీది మూడుసార్లొచ్చింది. మూడు సుక్కలుండాల. దీనికి ఒక్కటీ నేదు.”

ఆ మూడు చుక్కలూ ఇప్పుడు కొట్టవచ్చు గదా అని ఒక సవరణ ప్రతిపాదించాను.

ఆయన కోప్పడలేదు. మొనదేలిన ఆ పంచిని తీసి బల్ల మీద పెట్టి నా వైపు చూశారు. “కొట్టెత్తాను. మరి మీ యక్క వచ్చి ‘మాదేనా?’ అనడిగితే నానేటి సెప్పాల? ... అసలు మీ సైకిలేటయింది బాబూ?”

నలభై ఏళ్లలో ఆ ప్రశ్న నన్ను అడిగినవారు లేరు. చెప్పేశాను.

“పీచుమిఠాయికా?”

“అవునండి.”

“ఏమాత్రం ఇచ్చినాడు?”

“పెద్ద ముద్దేనండి.”

“మరైతే ఆడు నిన్ను మోసం సెయ్యనేదులే” అని ఆయన ఫ్రేమును కొక్కేనికి తగిలించారు. “బండి నాను సేత్తాను. మీ యక్కకి నువ్వు సెప్పు.”

నెల రోజులు పట్టింది. ఫ్రేము ముందు నుంచి వెనక్కి దారం లాగి కట్టి వంకర చూశారు. ప్రతి గొట్టాన్నీ చిన్న సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని పగుళ్ల కోసం విన్నారు. ఉప్పుగాలి తిన్నచోటల్లా గీకి రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వేశారు. పై రంగు పసుపే వేయమన్నాను. “దీని రంగు ఆకుపచ్చ. దానిది దానికిచ్చేద్దాం” అన్నారు. ఎవరిది కాదో తేలిన వస్తువును అంత మర్యాదగా చూసుకోవడం నేను మరెక్కడా చూడలేదు.

అక్క ముందు సైకిలు నిలబెట్టి, “ఇది మనది కాదు” అని మొదలుపెట్టాను. మొత్తం విన్నది.

“నలబై యేళ్లు నా సేత దాన్ని దొంగనిపించావేట్రా, ఎదవా!”

సైకిలును ముట్టుకోలేదు. లేచి చెప్పులేసుకుంది. ఆ స్నేహితురాలు ఇప్పుడు తగరపువలసలో ఉంటోంది. “నువ్వూ రా. నాను సెప్తే నమ్మదు. నీ నోటితో నువ్వే సెప్పు.” సైకిలును ఆటోలో పడేసుకుని వెళ్లాం. గుమ్మంలోనే నిలబడి నా వాంగ్మూలం ఇచ్చాను.

“తింటే తిన్నావు గాని, నాకు కాసింత పెట్టనేదేట్రా?” అంది ఆమె. నవ్వబోయి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. అక్క ఆమె పక్కన మెట్టు మీద కూలబడింది. సైకిలు ఆ ఇంటి మనవరాలి వశమైంది.

మేస్త్రి గారి వార్త తెలిసిన రోజున ఆ ఇద్దరూ సైకిలును వెంటబెట్టుకుని షాపు దగ్గరికి వచ్చారు. దించిన షట్టరు ముందు నేల మీద దాన్ని తలకిందులుగా నిలబెట్టారు. స్నేహితురాలు హ్యాండిలు పట్టుకుంది. అక్క కొంగు తడిపి పెడళ్ల కింద గొట్టానికి పట్టిన మట్టి తుడిచింది.

చుక్క ఒక్కటే ఉంది. దాన్ని మధ్యలో కొట్టలేదు. బాగా ఎడమ పక్కకు జరిపి, తర్వాతి వాటికి చోటు వదిలి కొట్టారు.